పెరూలోని కుస్కో కొండల యాత్ర: ఏది ముందు బుక్ చేయాలి, మొదటి రాత్రి ఎక్కడ పడుకోవాలి?

కుస్కో యాత్ర చెడేది చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే. సముద్రం ఒడ్డునున్న లిమాలో విమానం ఎక్కితే గంటా ఇరవై నిమిషాల్లో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున దిగుతారు. అంత తక్కువ ఆక్సిజన్‌కు ఒళ్లు అలవాటు పడే వ్యవధి ఉండదు. ఆ రాత్రికే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. మర్నాటి టూర్‌కి కట్టిన డబ్బు నీళ్లపాలు. అందుకే చూడాల్సిన చోట్ల జాబితా పక్కన పెట్టి, ముందు ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారో రాసుకోండి.

1. రాత్రుల క్రమం వేసుకోండి

కుస్కో విమానాశ్రయం నుంచి నేరుగా కిందికి, పవిత్ర లోయకు వెళ్లిపోండి. ఉరుబాంబా, ఒల్లాంతాయ్‌తాంబో ఊళ్లు రెండూ 2,800 మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. టాక్సీలో గంటన్నర నుంచి రెండు గంటలు. నగరంలోని పావితోస్ వీధి నుంచి షేర్ వ్యాన్లు కూడా ఉన్నాయి, చాలా చవక. పది రోజులుంటే ఇలా వేసుకోవచ్చు: లోయలో మూడు రాత్రులు, కొండమీది పాత ఇన్కా నగరం మాచు పిచ్చు కింద ఉన్న ఆగ్వాస్ కాలియెంతెస్ ఊళ్లో ఒకటి, కుస్కోలో మూడు, 3,800 మీటర్ల ఎత్తున తితికాకా సరస్సు దగ్గర మిగిలినవి. మాచు పిచ్చు ఎత్తు 2,430 మీటర్లే కాబట్టి అది మొదట్లో పెట్టుకున్నా ఇబ్బంది లేదు. 5,000 మీటర్లు దాటే రంగుల కొండ వినికుంకాను మాత్రం కుస్కోలో చివరి రోజుకు ఉంచండి.

ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు చేరే ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. హోటళ్లలో ఇచ్చే కోకా ఆకుల టీ హాయిగా ఉంటుంది, కానీ మందుకు బదులు కాదు. నడుస్తుంటే తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఆగి చూడడం వద్దు. వెంటనే కిందికి దిగాలి.

2. నెల ఎంచుకోండి

మే నుంచి సెప్టెంబర్ దాకా వానలు పెద్దగా ఉండని కాలం. పగలు ఎండ చురుక్కుమంటుంది, జూన్, జులై రాత్రుల్లో చలి సున్నా దగ్గరికి వెళ్తుంది. జనవరి నుంచి మార్చి వరకు గట్టి వానలు, కొండచరియలు విరిగి రైళ్లు ఆగిపోవచ్చు. మాచు పిచ్చుకు నడిచివెళ్లే ‘ఇన్కా ట్రయల్’ దారి ఫిబ్రవరి అంతా మూసి ఉంటుంది. జూన్ 24న కుస్కోలో ఇంతి రాయ్మి సూర్యోత్సవం. ఆ వారం గదులు దొరకడం కష్టం.

మా మాట వింటే అంతకంటే జూన్‌లోనే జరిగే కెస్వచాకా గడ్డి వంతెన పని చూడండి. క్వెచువా భాష మాట్లాడే నాలుగు ఊళ్లవాళ్లు కలిసి, అపురీమాక్ నది మీది పాత వంతెనను తీసేసి, ఇచు గడ్డి పేనిన తాళ్లతో కొత్తది అల్లుతారు. 2013లో యునెస్కో దీన్ని గుర్తించింది.

3. బుకింగ్ ఈ వరుసలోనే

ముందు మాచు పిచ్చు టికెట్, తర్వాత రైలు, ఆ తర్వాతే హోటళ్లు, లోపలి విమానాలు. చాలామంది తలకిందులుగా చేసి, రైలు ఉన్న రోజుకు టికెట్ లేక చిక్కుకుంటారు. మాచు పిచ్చు టికెట్ మీద తేదీ, వేళ, సర్క్యూట్ (లోపల నడవాల్సిన దారి) రాసి ఉంటాయి. మొదటి సర్క్యూట్ పైనుంచి చూసి రావడానికే. అందరూ ఎరిగిన ఫోటో, నగరం లోపలి నడక రెండూ కావాలంటే రెండోది తీసుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. గేటు దగ్గర అసలు పాస్‌పోర్టే చూపించాలి.

రైలు ఒల్లాంతాయ్‌తాంబోలో ఎక్కండి, ఆగ్వాస్ కాలియెంతెస్‌కు సుమారు రెండు గంటల ప్రయాణం. చిన్న బ్యాగునే అనుమతిస్తారు. పెద్ద పెట్టెలు లోయలోని హోటల్లో వదిలివెళ్లొచ్చు.

4. కాగితాలు

భారత పాస్‌పోర్టుకు పెరూ వీసా కావాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఒకదానికి ఆరు నెలల గడువుంటే మినహాయింపు ఉంది. టికెట్ కొనే ముందు ఢిల్లీలోని పెరూ ఎంబసీ దగ్గర సరిచూసుకోండి. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా ఆ దేశపు వీసా ఉండాలి.

ఎక్కువమంది మరిచేది ఎల్లో ఫీవర్ టీకా. పెరూ అడగకపోయినా, తిరిగొచ్చేటప్పుడు మన దేశం అడుగుతుంది; పత్రం లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసిన పది రోజులకు గానీ పత్రం చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

5. ఊళ్లలో

కుస్కో చుట్టూ క్వెచువా, తితికాకా ఒడ్డునున్న పూనోకు దక్షిణంగా ఐమారా, పట్నాల్లో స్పానిష్ వినిపిస్తాయి. తితికాకాలోని తకీలే దీవిలో టోపీలు అల్లేది మగవాళ్లు, నడుము పట్టీలు నేసేది ఆడవాళ్లు. అమంతానీ దీవిలో ఇళ్లలోనే బస. గది వేడిచేసే ఏర్పాటు ఉండదు, మందపాటి దుస్తులు తీసుకెళ్లండి. ఇంటివాళ్లకు బియ్యం, నూనె, పళ్లు ఇవ్వండి. పిల్లలకు మిఠాయిలు పంచొద్దు, అడుక్కోవడం అలవాటవుతుంది.

కుస్కో దగ్గరి చించెరో ఊళ్లో నడుముకు కట్టుకునే మగ్గాన్నీ, కొచినీల్ పురుగు నుంచి తీసే ఎర్ర రంగునీ దగ్గరగా చూడొచ్చు. అల్పాకా అంటే లామాను పోలిన జంతువు ఉన్ని. బజారులో ‘బేబీ అల్పాకా’ అని అమ్మేవాటిలో చాలావరకు అక్రిలిక్ కలిసి ఉంటుంది. అల్పాకా చేతికి చల్లగా, కాస్త బరువుగా తగులుతుంది. ధర మరీ తక్కువైతే అది అల్పాకా కాదు. లామా జంతువుతో నిలబడే ఆడవాళ్లను ఫోటో తీస్తే డబ్బు ఇవ్వాలి, ఎంతో ముందే మాట్లాడుకోండి.

6. తిండి

‘వెహెతారియానో’ (శాకాహారి) అంటే సరిపోదు. కీనువా గింజల సూప్ చాలాచోట్ల కోడి ఉడికించిన నీళ్లతోనే కాస్తారు. ‘సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో దె పోయో’ అని విడివిడిగా చెప్పండి: మాంసం, కోడి, చేప, కోడి రసం వద్దని. మొక్కజొన్న కంకి, జున్నుతో ఇచ్చే చోక్లో కోన్ కేసో ఎక్కడైనా దొరుకుతుంది. చైనా వంటల హోటళ్లైన చీఫాల్లో గుడ్డు, మాంసం లేని అన్నం చేసిపెడతారు. ఆవకాయ తీసుకెళ్తే మూత గట్టిగా బిగించి, కవరులో చుట్టండి. ఎత్తుకు పోయేకొద్దీ సీసాలో గాలి ఉబ్బి నూనె కారుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు సంచులు ఒకసారి వెతుక్కోండి. కోకా ఆకులు గానీ టీ ప్యాకెట్లు గానీ మన దేశంలోకి తేవడం నేరం. కోకా టీ తాగినా కొన్ని రోజులపాటు మూత్ర పరీక్షలో కొకెయిన్‌కు పాజిటివ్ రావచ్చు. ఉద్యోగంలో డ్రగ్ టెస్ట్ ఉండేవాళ్లు హోటల్లో ఇచ్చినా దాని జోలికి పోకండి.