నడుముకు ఒత్తుకోని తోలు హోల్‌స్టర్: నా అనుభవం

నాది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. సీజన్‌లో పైసలతో తిరగాలి కాబట్టి లైసెన్స్ తీసుకొని .32 రివాల్వర్ పెట్టుకున్నాను. బయట అది హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, పూర్తిగా కప్పి ఉండాలని 2016 ఆయుధాల నియమాల్లోనే ఉంది.

మొదట కొన్నది ప్యాంటు లోపలికి దోపుకునే మెత్తటి తోలుది. బండి మీద హన్మకొండ దాకా పోయేసరికి తూటాలు పెట్టే సిలిండర్ ఉబ్బు తుంటి ఎముకకు ఒత్తుకొని కమిలేది. ఏప్రిల్ చెమటకు ఇనుము మీద తుప్పు చుక్కలు లేచాయి. అంతకన్నా భయపెట్టింది ఇంకోటి. రివాల్వర్ తీయగానే ఒర మూతి ముడుచుకుపోయేది. తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌లో ఇరుక్కొని తూటా పేలితే?

తోలు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. "లందల తంగేడు చెక్కతోని ఊరిన తోలైతే పట్టిన ఆకారం ఇడువది బిడ్డా" అన్నాడు. లంద అంటే తోలు ఊరబెట్టే తొట్టి. తూటాలు ఇంట్లోనే పెట్టి పోయాను, అయినా సిలిండర్ తెరిచి ఇద్దరం చూసుకున్నాం. రివాల్వర్‌ను పలుచటి కవర్లో చుట్టి, గోరువెచ్చటి నీళ్లలో తడిపిన తోలును దాని మీద కప్పి, ఆయన చెబుతుంటే నేనే బొటనవేళ్లతో ఒత్తాను. సిలిండర్ గుండ్రం, ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు వంపు తోలు మీద తేలి వచ్చాయి. ట్రిగ్గర్ మొత్తం కప్పుకుంది. మూతి ముడుచుకోకుండా రెండో పొర కుట్టాడు. నీడలోనే ఆరబెట్టాం.

బెల్టు సందులు రెండు పక్కలా ఎడంగా పెట్టించాను, బరువు ఒక్కచోట పడదు. ఒకటిన్నర అంగుళం మందపాటి బెల్టు తప్పనిసరి, పలుచటిదైతే వేలాడుతుంది. కుడి తుంటి ఎముకకు కొంచెం వెనకగా, పైన వదులు చొక్కా. రాత్రి మాత్రం ఒరలో ఉంచను, నూనె గుడ్డతో తుడిచి లాకర్లో పెడతాను.