వేలంలో ఉల్కలు, పురాతన వస్తువులు: ముందు పత్రాలు, తరువాతే పాట

2019 ఏప్రిల్‌లో కోస్టారికాలోని ఆగ్వాస్ సర్కాస్ ప్రాంతంలో రాలిన ఉల్కల్లో ఒకటి ఒక పెంపుడు కుక్క గూటి పైకప్పును చీల్చుకుని లోపలికి దూసుకుపోయింది. 2022లో క్రిస్టీస్ సంస్థ ఆ రాయిని, ఆ గూటిని విడివిడిగా వేలం వేసినప్పుడు రాయి 21,420 డాలర్లకు, రేకు కప్పుకు చిల్లు పడిన గూడు 44,100 డాలర్లకు అమ్ముడుపోయాయి. అంతరిక్షం నుంచి వచ్చిన రాయి కంటే అది తాకిన గూడుకే రెట్టింపు ధర పలకడం వింతగా తోచవచ్చు. కానీ అలాంటి గూడు మరొకటి దొరకదు, జరిగిన సంఘటనకు తేదీ, స్థలం, సాక్షులు అన్నీ ఉన్నాయి. వేలంలో ధర పలికేది వస్తువుకు, దాని వెంట వచ్చే రుజువుకు కలిపి. ఉల్కలు సేకరించేవారికైనా, పాత కుర్చీలు, పింగాణీ పాత్రలు సేకరించేవారికైనా నేను మొదట చెప్పే మాట ఇదే: వస్తువును చూసి మనసు పారేసుకునే ముందు దాని పూర్వచరిత్రను, అంటే ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది, ఏ దారిన ఈ వేలానికి వచ్చింది అన్న వివరాలను పత్రాలతో సహా అడగండి.

పాట పాడే ముందు కనీసం మూడు నాలుగు వేలాలను ఊరికే గమనించడం మంచిది. క్యాటలాగ్‌లో ఇచ్చిన అంచనా ధరను, చివరికి సుత్తి పడిన, అంటే పాట ముగిసిన ధరను పక్కపక్కన రాసుకుంటూ పోతే, ఏ రకం వస్తువులు అంచనాను దాటుతున్నాయో, ఏవి అమ్ముడుపోకుండా వెనక్కి వెళ్తున్నాయో తెలుస్తుంది.

క్యాటలాగ్ భాషను జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే అందులో ప్రతి మాటకూ ఒక హద్దు ఉంటుంది. కళాకారుడి పేరు ఏ విశేషణమూ లేకుండా ఉంటే, అది ఆయన చేసినదేనని వేలం సంస్థ అభిప్రాయపడుతున్నట్టు. ‘ఆయనకు ఆపాదించినది’ అంటే ఆయనదే కావచ్చునన్న ఊహ మాత్రమే. ‘ఆయన శైలిలో’ అంటే ఎవరో, ఎప్పుడో అనుకరించి చేసినది. ‘సంతకం కలిగి ఉంది’ అన్నప్పుడు ఆ సంతకం ఆయనే పెట్టాడని ఎవరూ హామీ ఇవ్వడం లేదని గుర్తించాలి. వస్తువు స్థితి గురించి క్యాటలాగ్ ఏమీ చెప్పకపోతే లోపం లేదని అనుకోరాదు. చాలా సంస్థలు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతాయి కాబట్టి, కండిషన్ రిపోర్టును రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోవాలి. అడుగున, వెనుక, అంచుల దగ్గర తీసిన ఫొటోలు కూడా అడగవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఉల్కల విషయంలో మొదటి పరీక్ష చేతిలో రాయి లేకుండానే చేయవచ్చు. శాస్త్రీయంగా గుర్తింపు పొందిన ప్రతి ఉల్కకూ అది పడిన లేదా దొరికిన చోటును బట్టి ఒక అధికారిక పేరు ఉంటుంది. ఆ పేర్లన్నీ ఉల్కల శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘమైన మెటియోరిటికల్ సొసైటీ నిర్వహించే డేటాబేస్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వాయవ్య ఆఫ్రికా ఎడారుల్లో దొరికి, కచ్చితమైన స్థలం తెలియని వాటికి ‘ఎన్‌డబ్ల్యూఏ’ (నార్త్‌వెస్ట్ ఆఫ్రికా) అన్న అక్షరాల తరువాత ఒక సంఖ్య ఇస్తారు. గుర్తింపు కావాలంటే 20 గ్రాములు లేదా మొత్తం బరువులో 20 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంత, నమూనాగా ఒక సంస్థలో భద్రపరచాలి. అమ్మకందారు ఇచ్చిన సంఖ్యను డేటాబేస్‌లో వెతికి, రకం సరిపోయిందా, రాయి రూపురేఖలు అక్కడి వర్ణనకు దగ్గరగా ఉన్నాయా, నమోదైన మొత్తం బరువు ఎంత అన్నవి చూడండి. మొత్తం 200 గ్రాములే నమోదైన ఉల్క పేరుతో ఒక్కరే 300 గ్రాముల ముక్కలు అమ్ముతుంటే ఆ లెక్క ఎక్కడో తప్పింది. సంఖ్య లేకుండా ఉత్త ‘ఎన్‌డబ్ల్యూఏ’ అని మాత్రమే రాసి ఉంటే దాన్ని ఇంకా ఎవరూ వర్గీకరించలేదని అర్థం. చవకగా వస్తే అలాంటివి తీసుకోవచ్చు గానీ, చంద్రుడిదనో అంగారకుడిదనో చెబితే మాత్రం ప్రయోగశాల వర్గీకరణ లేనిదే పాట మొదలుపెట్టకూడదు.

రాయి చేతికి వచ్చాక చూడవలసినవి వేరు. కొత్తగా పడిన రాతి ఉల్కపై నల్లటి పల్చని కాలిన పొర ఉంటుంది. అది సాధారణంగా మిల్లీమీటరు కంటే పల్చగా ఉండి, విరిగిన అంచు దగ్గర లోపలి లేత బూడిద రంగుకు భిన్నంగా గీత గీసినట్టు కనిపిస్తుంది. లోపల సన్నటి లోహపు తళుకులు, చాలా రకాల్లో కాండ్రూల్స్ అనే చిన్న గుండ్రని గింజలు ఉంటాయి. విరిగిన ముఖం మీద గాలిబుడగల గుంటలు నిండుగా కనిపిస్తే అది కొలిమి చిట్టెం అయి ఉండే అవకాశమే ఎక్కువ. మెరుపు పూత లేని పింగాణీ పలక వెనుక రాయిని గీసినప్పుడు ఎర్రటి గోధుమరంగు గీత పడితే హెమటైట్‌ను, నల్లటి గీత పడితే మాగ్నటైట్‌ను, అంటే భూమి మీది ఇనుప ఖనిజాలను అనుమానించాలి. ఉల్కలు సాధారణంగా గీత వదలవు. అయస్కాంతం గురించి ఒక్క విన్నపం: బలమైన అయస్కాంతాన్ని రాయికి తాకించవద్దు. ఉల్క తనలో కోట్ల ఏళ్లుగా దాచుకున్న అయస్కాంత చరిత్ర ఆ ఒక్క స్పర్శతో చెరిగిపోతుంది, ఆ నష్టాన్ని ఏ శాస్త్రవేత్తా పూడ్చలేరు. పైగా చంద్రుడి రాళ్లు, అంగారకుడి రాళ్లు అయస్కాంతానికి అంతగా స్పందించవు కాబట్టి ఆ పరీక్షతో తేలేది కూడా తక్కువే.

ఇనుప ఉల్కల్లో కొత్తవారికి అనువైనది సిఖోటే-అలిన్. 1947 ఫిబ్రవరి 12న రష్యా తూర్పు ప్రాంతంలో పట్టపగలు పడిన ఈ ఇనుము రెండు రూపాల్లో దొరుకుతుంది. గాలిలో కరుగుతూ వచ్చినవాటిపై మెత్తటి మట్టిని బొటనవేలితో నొక్కినట్టు గుంటలుంటాయి. నేలను తాకే ముందో, తాకినప్పుడో పేలి చీలినవి మెలితిరిగి, అంచులు చిరిగిన రేకుల్లా ఉంటాయి. మొదటి రకానికే ధర ఎక్కువ. కోసి, నునుపు చేసి, ఆమ్లంతో లోపలి గీతలను పైకి తేల్చిన ఇనుప పలకల్లో ఒకదానికొకటి అడ్డంగా అల్లుకున్న పట్టీల డిజైన్ కనిపిస్తుంది. విడ్మాన్‌స్టాటెన్ నమూనా అని పిలిచే ఈ అల్లిక, నికెల్ పాళ్లు వేర్వేరుగా ఉన్న రెండు లోహ స్ఫటికాలు లక్షల ఏళ్లపాటు అతి నెమ్మదిగా చల్లబడితేనే ఏర్పడుతుంది. కొన్నిచోట్ల మామూలు ఉక్కు మీద ఈ డిజైన్‌ను చెక్కి అమ్ముతుంటారు కాబట్టి పలక అంచును భూతద్దంతో చూడండి. అసలు పలకలో ముఖం మీది పట్టీ అంచు దగ్గర ఆగిపోదు, అంచును కూడా తేల్చి ఉంటే అక్కడ వేరే కోణంలో కొనసాగుతుంది. చెక్కిన దాంట్లో అది ఉపరితలం మీదే ముగుస్తుంది.

పాత సేకరణల నుంచి వచ్చిన ముక్కలపై చేతితో రాసిన చిన్న సంఖ్యలుంటాయి. అమెరికన్ ఉల్కా పరిశోధకుడు హార్వే నినింగర్ తన రాళ్లపై అలాగే సంఖ్యలు వేసేవారు. ఆయన సేకరణలో కొంత భాగం 1958లో బ్రిటిష్ మ్యూజియంకు, మిగిలినదాంట్లో అధిక భాగం 1960లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చేరాయి. ఆయన సంఖ్య ఉన్న ముక్క ఎదురైతే సేకర్తలు పాట పెంచడానికి వెనకాడరు, ఎందుకంటే ఆ చిన్న అంకె దశాబ్దాల పూర్వచరిత్రను ఒక్కచోట చూపిస్తుంది. అలాంటి సంఖ్యను తుడిచి రాయిని ‘శుభ్రం’ చేసినవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఉల్కా, పురాతన వస్తువూ ఒకటైన చోట రుజువు ఎలా ఉండాలో జహంగీర్ చాకు చూపుతుంది. 1621లో జలంధర్ ప్రాంతంలో పడిన ఉల్కను చక్రవర్తి తవ్వి తెప్పించి, మూడు పాళ్లు ఆ ఇనుము, ఒక పాలు మామూలు ఇనుము కలిపి ఆయుధాలు చేయించినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వాటిలోని చాకు నేడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ మ్యూజియంలో ఉంది. రాత సాక్ష్యం, వస్తువు రెండూ దొరికిన అరుదైన సందర్భమది. ఎవరైనా ఒక కత్తిని ‘ఉల్క ఇనుముతో చేసినది’ అని అమ్మజూపితే, ఉల్క ఇనుములో నికెల్ ఉంటుంది కాబట్టి కనీసం నికెల్ పరీక్ష ఫలితమైనా చూపమని అడగాలి.

పురాతన వస్తువుల దగ్గర కళ్లకు కనిపించని భాగాలే నిజం చెబుతాయి. బల్ల సొరుగును పూర్తిగా బయటకు లాగి తిరగేయండి. తరతరాలుగా లాగి నెట్టిన సొరుగు అడుగు పట్టీలు హెచ్చుతగ్గులుగా అరిగి ఉంటాయి. నాలుగు పక్కలా సమానంగా అరిగితే అది ఉలితోనో ఆకురాయితోనో తెచ్చిపెట్టిన అరుగుదల. కలప మీద వంపు తిరిగిన రంపపు గీతలు కనిపిస్తే వృత్తాకార రంపంతో కోసినట్టు, అటువంటి రంపాలు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో. మొన సూదిగా ఉన్న యంత్రపు స్క్రూలు కూడా ఆ శతాబ్దం మధ్యకాలం నుంచే. 18వ శతాబ్దపు బల్లగా అమ్ముతున్న దాంట్లో ఇవి ఉంటే మరమ్మతు జరిగి ఉండాలి, లేదా మొత్తం కాలం చెప్పినది తప్పయి ఉండాలి. పింగాణీ అడుగున తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉంటే అది సాధారణంగా 1891 తరువాతిది, ఎందుకంటే అమెరికా దిగుమతి చట్టం ఆ ఏడాది నుంచి ఆ ముద్రను తప్పనిసరి చేసింది. అతినీలలోహిత టార్చి వెలుగులో చూస్తే కొత్త రంగు, జిగురు, పూత పాతవాటికంటే వేరుగా మెరిసి, పగిలి అతికించిన గీత బయటపడుతుంది. ఏ చక్రవర్తి కాలంలో చేసినదో చెప్పే, చైనా పాత్రల మీది రాజ్యకాలపు ముద్రలను ఒక్కటే నమ్ముకోకూడదు, గౌరవంతోనూ మోసంతోనూ వాటిని శతాబ్దాలుగా తిరిగి వేస్తూనే ఉన్నారు.

చట్టం విషయంలో ఏమరుపాటు పనికిరాదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. అప్పటికే మూల దేశం దాటినట్టు, లేదా ఆ తరువాత చట్టబద్ధంగా బయటికి వచ్చినట్టు పత్రాలున్న వస్తువులనే చాలా మ్యూజియంలు, బాధ్యత గల సేకర్తలు తీసుకుంటారు. భారత్‌లో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడానికి వీల్లేదు. అర్జెంటీనా 2007లో ఉల్కలను సాంస్కృతిక సంపద పరిధిలోకి తెచ్చింది. ఆస్ట్రేలియాలో 1986 చట్టం ప్రకారం ఉల్కల ఎగుమతికి అనుమతి కావాలి. 2025 జూలైలో సోథబీస్ వేలం సంస్థ న్యూయార్క్‌లో అమ్మిన ఎన్‌డబ్ల్యూఏ 16788 అనే 24.67 కిలోల అంగారక శిల నైజర్‌లో దొరికినదే. వేలం ముగిశాక ఆ దేశం, శిల ఎలా బయటికి వెళ్లిందో విచారిస్తామని ప్రకటించింది. దంతం, తాబేలు చిప్ప ఉన్న పాత వస్తువులకు దేశం దాటించేటప్పుడు వేరే అనుమతులు కావాలి.

అదే అంగారక శిల డబ్బు లెక్క కూడా నేర్పుతుంది. సుత్తి పడింది 43 లక్షల డాలర్ల దగ్గర, కొన్నవారు రుసుములతో కలిపి చెల్లించినది దాదాపు 53 లక్షలు. ఈ తేడాలో ప్రధానమైనది కొనుగోలుదారుడి ప్రీమియం, అంటే కొన్నవారి దగ్గర వేలం సంస్థ అదనంగా తీసుకునే రుసుము. ఇది చాలా సంస్థల్లో 20 నుంచి 28 శాతం వరకు ఉంటుంది, దానిపై పన్ను, రవాణా, బీమా, కస్టమ్స్ అదనం. కాబట్టి మీ చేతిలో మొత్తం 1,00,000 ఉంటే, ప్రీమియం 25 శాతం అయినప్పుడు 80,000 దగ్గర పాట ఆపాలి, మిగతా ఖర్చులుంటే ఇంకా ముందే ఆపాలి. ఆ గరిష్ఠ సంఖ్యను ముందు రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి. అమ్మకందారు ఒప్పుకున్న కనీస ధర, అంటే రిజర్వ్ ధర చేరేవరకు అతని తరఫున పాట పెంచే హక్కు వేలం నిర్వాహకుడికి చాలాచోట్ల ఉంటుంది కనుక, మొదట్లో వినిపించే పైపాటలన్నీ నిజమైన పోటీదారులవి కాకపోవచ్చు. వేలంవెర్రి అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. గదిలో ఎవరో ఒకరు పట్టుదలకు పోతే పక్కవారికీ అది అంటుకుంటుంది. మీరు తట్టుకోలేరనిపిస్తే ముందుగానే గరిష్ఠ పాటను రాసి ఇచ్చి, గదిలోకి వెళ్లకుండా ఉండటమే మేలు.

పాట దక్కిన తరువాత పని మొదలవుతుంది. ఇనుప ఉల్కలకు శత్రువు తేమ. అరచేతి చెమటలోని ఉప్పు చాలు తుప్పు మొదలవడానికి, అందుకే చేతి తొడుగులతో పట్టుకుని, తేమను పీల్చే సిలికా జెల్ వేసిన మూత బిగువైన పెట్టెలో ఉంచి, ఆ జెల్ రంగు మారినప్పుడల్లా ఆరబెట్టండి. కంచు మీది పాత పొరను, కలప మీది పాత మైనాన్ని గీకి తళతళలాడించవద్దు. వస్తువు వచ్చిన రోజే తూకం, కొలతలు, ఫొటోలు నమోదు చేసి, వేలం తేదీ, లాట్ సంఖ్య (వేలంలో ఆ వస్తువుకు ఇచ్చిన సంఖ్య), రసీదు, పాత చీటీలు అన్నీ ఒకే కవరులో పెట్టండి. కవరు మీద సంఖ్య వేసి, అదే సంఖ్యను కలప, పింగాణీల అడుగున ముందు పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్ పూసి, ఆ ఆరిన పొర మీద సన్నని సిరాతో రాయండి. దాన్ని ఎప్పుడైనా ఎసిటోన్ అనే ద్రావకంతో తొలగించవచ్చు. ఇనుప ఉల్కపై మాత్రం ఏదీ రాయకుండా, చీటీని పెట్టె లోపల రాయి పక్కనే ఉంచండి.