‘ఏమప్పా, మా నోటీసు ఇంకా పెట్టలేదా?’: వెబ్ టీమ్‌కి వచ్చే ఫిర్యాదులు, వాటి మందులు

అనంతపురంలో ఒక యూనివర్సిటీ వెబ్‌సైట్ చూసుకునే పని నాది. టీమ్ అని పేరే గానీ ఉండేది ముగ్గురం. అందులో ఒకాయన వారంలో రెండు రోజులు పరీక్షల విభాగంలోనే కూర్చుంటాడు. మాకొచ్చే ఫోన్లు ఎక్కువగా "సైట్ పనిచేయడం లేదు" అనే మొదలవుతాయి. తీరా చూస్తే సైట్ నిక్షేపంగా ఉంటుంది. కాగితం ఏ టేబుల్ మీదో ఆగిపోయి ఉంటుంది, లేదా ఫైల్ తయారైనప్పుడే తేడా జరిగి ఉంటుంది. డిపార్ట్‌మెంట్లలో కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లు ఫోన్ తీసేముందు ఒకసారి ఇది చూసుకుంటే ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది.

"మొన్ననే పంపినాం, ఇంకా రాలేదు"

ముందు అడగాల్సింది: ఎవరికి పంపారు? ఒకరు నా సొంత వాట్సాప్‌కి పెడతారు. ఒకరు క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్తారు. ఇంకొకరు లెటర్ రాసి తపాల్లో వేస్తారు. ముగ్గురి లెక్కలోనూ "చెప్పేశాం".

ఒక సెమినార్ బ్రోషర్ సంగతి చెప్తాను. హెచ్‌ఓడీ (శాఖాధిపతి) గారు సంతకం పెట్టిన లెటర్ పైకి వెళ్లింది, ఇన్‌వర్డ్ నంబర్ పడింది, "పెట్టవచ్చు" అని పచ్చ ఇంకుతో రాసి మా దగ్గరికి వచ్చింది. అంతా సక్రమం. కానీ బ్రోషర్ ఏది? లెటర్‌లో "ఇందువెంట జతపరచడమైనది" అని ఉంది, జతపరిచింది జిరాక్స్ కాపీ. సాఫ్ట్ కాపీ ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఉందో తెలుసుకునేసరికి పేపర్లు పంపే గడువు సగం అయిపోయింది. దీనికి తిరగబడ్డ కేసులూ ఉంటాయి: ఫైల్ వచ్చేస్తుంది, అనుమతి రాదు. రెండూ కలిసి వస్తేనే మేం పని మొదలుపెట్టగలం.

పరిష్కారం: ఒకే మెయిల్ ఐడీ. అది ఎవరి సొంతదీ కాదు, టీమ్‌ది, కాబట్టి నేను సెలవులో ఉన్నా ఎవరో ఒకరు చూస్తారు. అందులో నాలుగు విషయాలుండాలి: ఏ పేజీలో పెట్టాలి, ఏ తేదీ వరకు ఉండాలి, అనుమతి లెటర్ స్కాన్, అసలు ఫైల్. మేం ఒక నంబర్‌తో జవాబిస్తాం. ఆ నంబర్ రాలేదంటే మీ రిక్వెస్ట్ మాకు అందలేదని అర్థం. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ కొనలేదు, ఒక షీట్‌లో వరసగా రాసుకుంటున్నాం, ఇప్పటివరకు సరిపోతోంది.

పెద్ద ప్రొఫెసర్ గారే ఫోన్ చేస్తే "మెయిల్ పెట్టండి సార్" అనడానికి నోరు రాదు, నిజమే. అప్పుడు ఆయన చెప్పింది మేమే మెయిల్‌గా రాసి, కాపీ ఆయనకు పంపి, "ఇదే కదా సార్" అని అడుగుతాం. చాలాసార్లు "అది కాదయ్యా, ఇంకోటి" అని జవాబొస్తుంది.

తెలుగు నోటీసు పిచ్చి గీతల్లా వచ్చింది

ఇది మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే జబ్బు. జనవరి 19 వేమన జయంతికి ఆహ్వానం టవర్ క్లాక్ దగ్గర డీటీపీ షాపులో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయిస్తారు. ప్రింట్ ముత్యాల్లా ఉంటుంది. అదే మ్యాటర్ కాపీ చేసి వెబ్ పేజీలో పెడితే ఇంగ్లిష్ అక్షరాలూ, కామాలూ, యూరప్ భాషల గుర్తులూ కలిసి గుట్టగా పడతాయి.

కారణం, అది ‘అను’ అనే ఫాంట్‌లో టైప్ చేసిన మ్యాటర్. అక్కడ లోపల ఉన్నవి తెలుగు అక్షరాల కోడ్‌లు కావు. వేరే గుర్తులకు ఫాంట్ తెలుగు వేషం వేస్తుంది. ఫాంట్ లేని చోట వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకు తనదైన కోడ్‌లు ఉన్నాయి, కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది.

మీ ఫైల్ ఏ రకమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష: ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు వచ్చిందంటే యూనికోడ్. రాకపోతే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక అక్షరం అక్షరం చదవాలి. కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తప్పటడుగులు వేస్తాయి. ఒకసారి ముఖ్య అతిథి గారి ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది. చూసింది మేం కాదు, ఆయనే. అప్పటి నుంచి తెలుగు మ్యాటర్‌కు ప్రూఫ్ చూసే బాధ్యత పంపిన శాఖదే అని రూల్ పెట్టుకున్నాం.

"ఆపరేటర్ పీడీఎఫ్ ఇచ్చాడు కదా, అదే పెట్టేయండి" అంటారు. పెట్టొచ్చు, కంటికి బాగానే ఉంటుంది. కానీ అందులోని తెలుగు మాట వెతికితే దొరకదు.

"మార్చామంటారు, నాకు పాతదే కనిపిస్తాంది"

మీ బ్రౌజర్ పాత పేజీని దాచుకుని అదే చూపిస్తోంది. కంప్యూటర్‌లో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. ఫోన్‌లో అయితే ప్రైవేట్ ట్యాబ్‌లో తెరవండి. ఒక మేడమ్ గారికి ఫోన్‌లో ఎంత చెప్పినా కుదరక రెండంతస్తులు ఎక్కి వెళ్లి, ఆ రెండు మీటలు నొక్కి వచ్చాను.

మా వైపు కూడా ఒక లోపం ఉండేది. టైమ్‌టేబుల్ మారితే అదే పేరుతో కొత్త ఫైల్ ఎక్కించేవాళ్లం. కొందరికి కొత్తది, కొందరికి పాతది. ఇప్పుడు ఫైల్ పేరులోనే తేదీ వేస్తున్నాం, పాతది తీసేస్తున్నాం. తీయకపోతే గూగుల్‌లో వెతికిన విద్యార్థి పాత టైమ్‌టేబుల్ పట్టుకుని పరీక్షకు వస్తాడు.

లింక్ నొక్కితే 404

404 అంటే ఆ పేరుతో ఫైల్ సర్వర్‌లో దొరకలేదని. ఫైల్ పేరులో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ మీ విండోస్ కంప్యూటర్‌కు ఒకటే. సైట్ నడిచే మా లినక్స్ సర్వర్‌కు వేరు వేరు, అందుకే ఆ తేడా ఉంటే దొరకదు. "ఫైనల్ న్యూ లేటెస్ట్ 2" లాంటి పేర్లు వద్దు. చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత, అంతే.

స్కాన్ చేసిన సర్క్యులర్ తెరుచుకోవడానికి యుగం పడుతోంది

కంప్యూటర్‌లో టైప్ చేసి, ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు. సైజు కొండంత, మూలన అటెండర్ బొటనవేలు. స్కానర్‌లో 200 డీపీఐ, నలుపు తెలుపు పెడితే చాలు. దాంతోపాటు టైప్ చేసిన అసలు ఫైల్ కూడా పంపండి, రెండూ పెడతాం. స్కాన్ అంటే బొమ్మే, చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016 వచ్చి ఇన్నేళ్లయినా మన సర్క్యులర్లు ఇంకా బొమ్మలుగానే ఉన్నాయి.

"నాక్ వాళ్లు వస్తున్నారు, ఈ రోజే కావాలి"

నాక్ అంటే యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ. వాళ్లు వస్తున్నారంటే అన్ని శాఖలూ ఒకే వారంలో మేలుకుంటాయి. రిటైరైన సార్ ఇంకా హెచ్‌ఓడీగా ఉంటారు, ప్రమోషన్ వచ్చిన మేడమ్ ఇంకా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే ఉంటారు. మెయిల్‌లో "మీ పేజీ సరిచూడండి" అంటే ఎవరూ చూడరు. మేం కనిపెట్టిన మందు పాతకాలంది: జనవరిలో, జులైలో ప్రతి శాఖ పేజీనీ ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో కలిపి పంపుతాం. ఎర్ర పెన్ను చేతికొస్తే ఏ మాస్టారూ దిద్దకుండా ఉండలేరు.

ఇంకో జాగ్రత్త. నాక్‌కు పంపే రిపోర్ట్‌లో వెబ్ లింకులు ఇస్తారు. రిపోర్ట్ వెళ్లాక "పేజీలు అందంగా సర్దుదాం" అని చోటు మార్చితే ఆ లింకులన్నీ చచ్చిపోతాయి. ఆ పని అయ్యేదాకా ఏదీ కదపొద్దు. తప్పదంటే పాత అడ్రస్ నుంచి కొత్తదానికి దారి మళ్లించమని మాకు ముందే చెప్పండి.

నిజంగానే సైట్ పోయినప్పుడు

ఇదీ జరుగుతుంది. ఒక ఆదివారం మా సెక్యూరిటీ సర్టిఫికెట్ (సైట్‌ను నమ్మొచ్చని బ్రౌజర్‌కు చెప్పేది) గడువు తీరిపోయింది. 90 రోజులకోసారి దానంతట అదే రెన్యూ కావాల్సింది, కాలేదు, మేం చూసుకోలేదు. అందరికీ "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర హెచ్చరిక. తప్పు పూర్తిగా మాదే.

ఇలాంటప్పుడు ముందు క్యాంపస్ వైఫై తీసేసి మొబైల్ డేటాతో తెరిచి చూడండి. అప్పుడు తెరుచుకుంటే తేడా క్యాంపస్ నెట్‌లో ఉంది, నెట్‌వర్క్ వాళ్లను పిలవండి. రెండింట్లోనూ రాకపోతే స్క్రీన్‌షాట్ తీసి, పైన అడ్రస్ కనిపించేలా, టైమ్ రాసి, నా వాట్సాప్‌కే పెట్టండి. ఈ ఒక్కదానికి మెయిల్ అక్కర్లేదు, అనుమతి లెటర్ అసలే అక్కర్లేదు.