"మీ ఇష్టం సార్" అనకండి: కొత్త నర్సులు జీతం మాట్లాడుకునే పద్ధతి

వరదల్లో పులస చేప దగ్గర అరగంట బేరమాడే ఇళ్ళలో పుట్టినవాళ్ళం, హెచ్‌ఆర్ మేడమ్ "ఎంత అనుకుంటున్నావమ్మా" అనగానే మాత్రం "మీ ఇష్టం మేడమ్" అనేస్తాం. నేనూ అదే అన్నాను. కాకినాడలో నా మొదటి ఉద్యోగానికి 14,000 అన్నారు. ఆ సంతోషంలో మెట్ల దగ్గర నుంచే అమ్మకి ఫోన్ చేసేశాను. నెల తిరిగాక ఖాతాలో పడింది 10,900. హాస్టల్, మెస్, యూనిఫాం, పీఎఫ్ అన్నీ కోసేశారని అప్పుడు తెలిసింది. అడుగుదామంటే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి.

అందుకే ఇంటర్వ్యూకి వెళ్ళేముందు సీనియర్లకి ఫోన్ చేయండి. రాజమండ్రి దానవాయిపేటలో ఒకరు, భీమవరంలో ఒకరు, అమలాపురంలో ఒకరు దొరికితే చాలు. "జీతం ఎంతక్కా" అంటే ఆఫర్ లెటర్‌లో ఉన్న పెద్ద అంకె చెబుతారు. "పోయిన నెల ఖాతాలో ఎంత పడింది, నైట్ డ్యూటీలు ఎన్ని పడ్డాయి" అని అడగండి, అసలు లెక్క అక్కడ ఉంటుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. సీటీసీ, అంటే మీ కోసం ఆసుపత్రి పెట్టే మొత్తం ఖర్చు, 18,000, అందులో బేసిక్ (మూల జీతం) 9,000 అనుకోండి. పీఎఫ్ 12 శాతం చొప్పున మీ వాటా 1,080, ఆసుపత్రి వాటా ఇంకో 1,080. ఆ రెండోది కూడా సీటీసీలోనే కలిపేస్తారు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) మీది 0.75 శాతం, వాళ్ళది 3.25 శాతం, రెండూ కలిపి 650 దాకా పోతుంది. వృత్తి పన్ను 150. చివరికి చేతికొచ్చేది 15,000 చిల్లర, హాస్టల్ డబ్బులు ఇంకా తీయకముందే. ఈఎస్‌ఐ కోసినందుకు బాధపడక్కర్లేదు, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకి కూడా వైద్యం అందుతుంది. పీఎఫ్ కోసి ఖాతా నంబరు ఇవ్వకపోతే మాత్రం ఊరుకోవద్దు.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని, 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకూడదని, 50 నుంచి 100 మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదని, 50 లోపు పడకలున్న చిన్న ఆసుపత్రి అయినా 20,000కి తక్కువ ఇవ్వకూడదని ఆ కమిటీ సిఫార్సు చేసింది. సిఫార్సే కాబట్టి బల్ల మీద పెట్టి గొడవ పడితే పని జరగదు, పైగా "ఈ పిల్ల యూనియన్ బాపతు" అంటారు. కానీ 12,000 అన్నప్పుడు "మరీ ఎక్కువ అడుగుతున్నానేమో" అని బెదిరిపోకుండా ఉండడానికి ఆ అంకె మనసులో ఉంటే చాలు.

ఇప్పుడు అడగడం. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ దగ్గర డబ్బు మాట ఎత్తకండి, పని మాట్లాడండి. ఐసీయూలోనో, డయాలసిస్‌లోనో, పసిబిడ్డల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లోనో పోస్టింగ్ చేసి ఉంటే లాగ్‌బుక్ తీసి చూపించండి. వెంటిలేటర్ పేషెంట్‌కి సక్షన్ చేశాను, వార్మర్‌లో బేబీని చూసుకున్నాను అని చెబితే "హార్డ్ వర్కర్ని మేడమ్" అన్నదానికంటే పదింతలు పనిచేస్తుంది. ఆసుపత్రుల నాణ్యతకి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం ప్రయత్నిస్తున్న ఆసుపత్రికి రిజిస్టర్డ్ నర్సుల లెక్క చూపించుకోవాల్సిన అవసరం ఉంటుంది, అంటే వాళ్ళకీ మీరు కావాలి. డబ్బు మాట హెచ్‌ఆర్ దగ్గర, ఇలా:

"మేడమ్, ఐసీయూ పోస్టింగ్ చేశానండి, నైట్లకి ఇబ్బంది లేదు. చేతికి 18,000 వచ్చేలా చూడండి."

తర్వాత నోరు మూసుకోండి. ఆ నిశ్శబ్దం చాలా ఇబ్బందిగా ఉంటుంది, కంగారుపడి మనమే "పోనీ 15 అయినా పర్లేదు" అనేస్తాం, అక్కడే పోతుంది.

"నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాలేదుగా, ట్రైనీగా చేరు" అంటారు. సరే అనండి, కానీ రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన నెల నుంచి జీతం ఎంతో లెటర్‌లో రాయమనండి. లేదంటే ట్రైనీ పేరుతోనే ఏడాది గడిచిపోతుంది. అంకె అసలు కదలకపోతే హాస్టల్ ఫ్రీగా అడగండి, నెలకి నైట్లు ఎన్నో అడగండి, ఆరు నెలలకి పెంపు అడగండి. ఇంటి నుంచి రావులపాలెం మీదుగా రోజూ బస్సులో తిరిగేవాళ్ళకి, నైట్ దిగాక రెండు గంటల ప్రయాణం లేకపోవడం వెయ్యి రూపాయల కంటే ఎక్కువే.

జాయినింగ్ బోనస్ మన దగ్గర చిన్న ఆసుపత్రుల్లో కనిపించదు. హైదరాబాద్, బెంగళూరు కార్పొరేట్‌లకి వెళ్తేనో, విదేశాలకి వెళ్తేనో ఆ మాట వినిపిస్తుంది. వినగానే మురిసిపోకుండా నెలలతో భాగించండి. రెండేళ్ళు మానకుండా చేస్తానని రాసిచ్చే బాండ్‌కి 30,000 అంటే నెలకి 1,250. పక్క ఆసుపత్రి బాండ్ లేకుండా నెలకి 1,500 ఎక్కువ ఇస్తుంటే ఏది మేలో మీకే తెలుస్తుంది. డబ్బు చేరినప్పుడే ఇస్తారా, ఆరు నెలలు ఆగాలా? మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలా, మిగిలిన నెలలకేనా? "మిగిలిన నెలలకి మాత్రమే" అనే మాట కాగితం మీద లేకపోతే, ఇరవై మూడో నెలలో పెళ్ళి కుదిరి మానేసినా మొత్తం 30,000 అడుగుతారు.

గల్ఫ్ పేరు చెప్పి లక్షలు అడిగే ఏజెంట్‌కి ఒక్క మాట చాలు: కేంద్ర నిబంధనల ప్రకారం ఏజెంట్ తీసుకోగల సర్వీస్ చార్జీ 30,000, దాని మీద జీఎస్‌టీ, అంతే.

ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. "చూసి ఇచ్చేయండి మేడమ్, జిరాక్స్‌లు ఉంచుకోండి" అని అక్కడే కూర్చోండి. ఆఫర్ లెటర్ ఇచ్చాక వెంటనే సంతకం పెట్టొద్దు, "నాన్నకి చూపించి రేపు తెస్తానండి" అంటే ఎవరూ తప్పుపట్టరు, మన వైపు అది అందరికీ అర్థమయ్యే మాటే. బయటికొచ్చి బస్టాండ్‌లో టీ తాగుతూ బాండ్ ఉన్న పేజీ రెండుసార్లు చదవండి, ఫోటో తీసి సీనియర్‌కి పంపండి.