పులి దిండు పక్కనే ఉంది

దవడ నొప్పని వెళితే దంతవైద్యుడు చూసి, "రాత్రిళ్లు పళ్లు నూరుతున్నారు. దిగులేమైనా ఉందా?" అన్నారు. నవ్వేశాను. మాదాపూర్‌లో ఉద్యోగం, ఉప్పల్‌లో ఇల్లు, రాత్రి 11 దాటినా ఆఫీసు సందేశాలు. దిగులు కాక ఇంకేముంటుంది!

పులిలాంటి ప్రమాదం ఎదురైతే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె దడ, కండరాల బిగువు అందుకే. పులి వెళ్లిపోతే తగ్గుతాయి. నా పులి దిండు పక్కనే చార్జింగులో ఉండేది.

ముందు ఫోనును రాత్రిళ్లు వంటింట్లోకి మార్చాను. తర్వాత సాయంత్రం ఇరానీ చాయ్ మానేశాను. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది మరి. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. చాయ్ లేని ఉస్మానియా బిస్కెట్టు ఎంత నీరసమో!

మెట్రోలో 4 అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, 6 అంకెలకు వదిలేవాణ్ని. మొదటి వారంలోనే ఓ రోజు కునుకు పట్టి, ఉప్పల్ దాటి నాగోలులో తేలాను.

మరీ నిద్రపట్టని ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు, తొందరపెట్టలేదు.

రెండు నెలలకు నొప్పి తగ్గింది. పళ్లకు వైద్యుడిచ్చిన తొడుగు మాత్రం ఇంకా పెట్టుకుంటున్నాను.