గర్భం వయసు లెక్కించడం – 2వ పాఠం: తేదీ నుంచి వారాలకు

చివరి నెలసరి మొదలైన తేదీని నిర్ధారించుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం కనుక, ఇప్పుడు ఆ తేదీ నుంచి వారాలను రాబట్టుదాం. ఫలదీకరణకు సుమారు రెండు వారాల ముందరి రోజు నుంచి లెక్క ఎందుకన్న సందేహం సహజమే. ఫలదీకరణ జరిగిన రోజు సాధారణంగా ఎవరికీ తెలియదు; నెలసరి వచ్చిన రోజు గుర్తుంటుంది. అందువల్ల గర్భం ఆరు వారాలదని చెప్పినప్పుడు పిండం అసలు వయసు దాదాపు నాలుగు వారాలే.

చివరి నెలసరి 2025 మార్చి 10న మొదలైందనీ, నేడు జూన్ 5 అనీ అనుకుందాం. మార్చిలో మిగిలిన 21, ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 5 కలిపితే 87 రోజులు. 7తో భాగిస్తే 12 వారాల 3 రోజులు. ఇక్కడ మార్చి 10ని సున్నాగా తీసుకున్నామని గమనించండి. దానినే ఒకటిగా లెక్కపెట్టి ఒక రోజు పెంచేయడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు.

ప్రసవ తేదీ తెలుసుకోవడానికి చివరి నెలసరి మొదలైన తేదీకి 280 రోజులు కలపాలి. అది డిసెంబర్ 15 అవుతుంది. జర్మన్ ప్రసూతి వైద్యుడు నేగెలె పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ప్రకారం మూడు నెలలు వెనక్కి వెళ్లి, ఏడు రోజులూ ఒక సంవత్సరమూ కలిపితే మాత్రం డిసెంబర్ 17 వస్తుంది. నెలలన్నీ సమానంగా ఉండకపోవడం వల్లనే ఈ తేడా. నేనైతే రోజుల లెక్కనే నమ్ముతాను, అయితే సరిగ్గా ఆ రోజునే ప్రసవమయ్యేవారు చాలా తక్కువ.

ఈ లెక్కంతా 28 రోజుల ఋతుచక్రం మీద ఆధారపడినది. అండం విడుదలైన తరువాత నెలసరి రావడానికి దాదాపు 14 రోజులు పడుతుంది కనుక, క్రమంగా 35 రోజులకొకసారి నెలసరి వచ్చే స్త్రీకి అండం 14వ రోజున కాక 21వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. అప్పుడు పై ఉదాహరణలో 12 వారాల 3 రోజులను 11 వారాల 3 రోజులుగా సవరించి, ప్రసవ తేదీని డిసెంబర్ 22కు జరపాలి. నెలసరి క్రమం తప్పి వచ్చేవారికి ఈ సవరణ పనికిరాదు. వారికి 14 వారాలు నిండకముందే చేసే స్కానింగ్‌లో తల నుంచి పిరుదుల వరకు కొలిచిన పిండం పొడవే ఆధారం. ఆ కొలత సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: చివరి నెలసరి 2025 ఆగస్టు 20, ఋతుచక్రం 32 రోజులు, నేటి తేదీ నవంబర్ 1. సవరణ తరువాత 9 వారాల 6 రోజులు రావాలి. 10 వారాలు వస్తే ఆగస్టు 20ని ఒకటిగా లెక్కపెట్టారన్నమాట.