రెండు బిందువుల మధ్య దూరం: ముందు గడులు లెక్కపెట్టండి

దూరం సూత్రం గుర్తురాక పరీక్షలో పెన్ను కొరుక్కునేవాళ్లకి ఒక మాట. అది కొత్త సూత్రమేం కాదు, పైథాగరస్ సిద్ధాంతమే: లంబకోణ త్రిభుజంలో రెండు చిన్న భుజాల వర్గాలు కూడితే, పెద్ద భుజమైన కర్ణం వర్గం వస్తుంది. రెండు బిందువుల్ని కలిపే గీత కర్ణం. అడ్డంగా ఎంత జరిగాం, నిలువుగా ఎంత జరిగాం అన్నవే మిగతా రెండు భుజాలు.

(−3, 5), (5, −1) తీసుకోండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: అడ్డంగా 5లోంచి 3 తీసేసి 2 అనేస్తారు. −3 నుంచి సున్నాకి 3 గడులు, అక్కడి నుంచి ఇంకో 5. మొత్తం 8. నిలువుగా 5 నుంచి సున్నాకి 5, దాని కింద ఇంకొకటి, అంటే 6. 8 వర్గం 64కి 6 వర్గం 36 కలిపితే 100, వర్గమూలం 10. దేంట్లోంచి ఏది తీసేయాలన్న బెంగ కూడా వద్దు, వర్గం చేశాక మైనస్ ఎలాగూ పోతుంది.

నేనైతే జవాబు రాసేముందు ఒకటి చూసుకుంటాను. దూరం పెద్ద భుజం కంటే ఎక్కువ, రెండు భుజాల మొత్తం కంటే తక్కువ ఉండాలి. ఇక్కడ 8కీ 14కీ మధ్య 10 ఉంది, సరే. 14 వచ్చిందా, వర్గాలు చేయకుండా నేరుగా కూడేశారన్నమాట. 100 వచ్చిందా, వర్గమూలం మర్చిపోయారు.

రెండు బిందువులూ ఒకే అడ్డగీత మీదో నిలువుగీత మీదో ఉంటే ఇదంతా ఎందుకు, గడులు లెక్కపెట్టేస్తే చాలు. ఒక బిందువుకి మిగతా రెండింటిలో ఏది దగ్గర అని మాత్రమే అడిగితే వర్గమూలం జోలికే పోకండి. వర్గాల మొత్తాలు 50, 53 వస్తే 50 వచ్చిందే దగ్గర.